సంగీత విమర్శకులు ‘కల్కి’ కృష్ణమూర్తి

కావేరీ తీరం కర్ణాటక సంగీతానికి పుట్టినిల్లు. తిరువారూరులో జన్మించి, తిరువయ్యారులో స్థిరపడిన త్యాగరాజస్వామి తన తెలుగు కృతులతో పునీతం చేసిన ఆ సీమలోనే, మాయవరం సమీపాన గల పుత్తమంగళం గ్రామంలో 1899 సెప్టెంబరు 9వ తేదీన రా. కృష్ణమూర్తి జన్మించారు. ‘కల్కి’ అన్న కలంపేరుతో ఆయన తమిళ సాహిత్యంలో చిరస్థాయిగా నిలిచారు. 2022, 2023 సంవత్సరాలలో రెండు భాగాలుగా వెలువడిన చలనచిత్రం వలన ‘పొన్నియిన్ సెల్వన్’ నవలాకర్తగా తెలుగు పిల్లలు సైతం ఆయనను ఎరుగుదురు. ఆయన గొప్ప సంగీత విమర్శకులన్న విషయం మాత్రం ఎక్కువమందికి తెలియదు.

1921లో గాంధీ మహాత్ముని పిలుపు విని కృష్ణమూర్తి పాఠశాల చదువు మానివేశారు. 1922లోను, 1930లోను, 1941లోను కారాగారవాసం అనుభవించారు. తిరు.వి.క. నడిపిన ‘నవశక్తి’ పత్రికలో రచనాభ్యాసం చేసి, పిమ్మట తిరుచెంగోడు గాంధీ ఆశ్రమంలో రాజాజీకి సహాయకులుగా మద్యనిషేధ ప్రచార పత్రికలో పనిచేశారు. 1931 నుండి పది సంవత్సరాలు ‘ఆనంద వికటన్’ సంపాదక బాధ్యత వహించారు.

ఆ పత్రికలో సంగీత, నాట్య సభలను గురించి ఆయన వ్రాసిన సమీక్షల క్రింద ఉండే పేరు ‘కర్ణాటకం’. తమిళ దేశంలో ఆ మాటకు శాస్త్రీయ సంగీతమన్న అర్థమే గాక, పాతకాలపు ధోరణి అన్న వాడుక అర్థం కూడా ఉన్నది. తనను తానే పరిహసించుకొనే ఆ పేరుతో ఆయన నిర్భయంగా వ్రాశారు. శాస్త్ర పరిభాషను దూరముంచి, సభలో కూర్చున్న సామాన్య శ్రోత పక్షాన మాట్లాడారు. విద్వాంసుడు ఎంతటి ప్రసిద్ధుడైనను, నచ్చనిది నచ్చలేదనే చెప్పారు. సంగీతం పండితుల సొత్తు మాత్రమే కాదన్న ధైర్యం వేలాది పాఠకులకు కలిగింది.

1941 ఆగస్టులో చిదంబరంలోని అన్నామలై విశ్వవిద్యాలయంలో జరిగిన మహాసభ, కచేరీలలో తమిళ పాటలకు ప్రాధాన్యం ఉండవలెనని తీర్మానించినది. అదే నెలలో సదాశివంతో కలిసి కృష్ణమూర్తి ప్రారంభించిన ‘కల్కి’ పత్రిక ఈ తమిళ ఇసై ఉద్యమానికి గట్టి గొంతుక అయినది. భాష కారణంగా సంగీత ప్రమాణం తగ్గరాదని మద్రాసు సంగీత అకాడమీ వాదించింది. శ్రోతకు తెలియని భాషలో పాట ఉంటే భావం ఎట్లు అందునని ఉద్యమకారులు ప్రశ్నించారు. 1943లో మద్రాసులో తమిళ ఇసై సంఘం ఏర్పడినది.

నేటి పాఠకులు ఆయన సమీక్షలను రెండు విధాల చూస్తున్నారు. ఆ హాస్యం కొన్నిచోట్ల కళాకారుల మనస్సు నొప్పించునదిగా కొందరికి తోచుచున్నది. నేటి పత్రికల సమీక్షలు మర్యాద మీరవు. అయితే వాటిలో అభిప్రాయం స్పష్టంగా కనబడుట అరుదు. వేరొక ప్రయోజనం కూడా గమనింపదగినది. ఆనాటి గ్రామఫోను రికార్డుపై ఒక్కొక్క వైపు సుమారు మూడు నిమిషాల పాట మాత్రమే పట్టేది. గంటల తరబడి సాగిన కచేరీ ఎట్లుండెనో, సభికులు దానిని ఎట్లు స్వీకరించిరో తెలిసికొనుటకు ఇటువంటి వ్రాతలే మనకు ముఖ్యాధారం.

ఆ ఉద్యమం తెలుగు కృతులపై దాడి అని ఆనాడు కొందరు తెలుగువారు బాధపడి ఉండవచ్చును. కాని అది లేవనెత్తిన ప్రశ్న మనకూ వర్తించును. అర్థమెరుగక పదాలను విరిచి పాడినచో ముందుగా నష్టపోవునది త్యాగరాజస్వామి సాహిత్యమే. తమిళనాట నివసించుచు తెలుగు నేర్చుకొనుచున్న బాలబాలికలు ఆ కృతుల అర్థాన్ని తమ తమిళ మిత్రులకు విప్పిచెప్పగలరు. అది ఉద్యమంతో తగవు పడుట కంటె మేలైన సమాధానం.

కృష్ణమూర్తి 1954 డిసెంబరు 5వ తేదీన పరమపదించారు. ‘అలై ఓసై’ నవలకు 1956లో ఆయనకు మరణానంతరం సాహిత్య అకాడమీ బహుమానం లభించింది. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి ‘మీరా’ చిత్రంలో పాడిన ‘కాట్రినిలే వరుం గీతం’ ఆయన వ్రాసిన పాటయే. ఇతరుల పాటను నిష్కర్షగా తూచిన ఆ విమర్శకుని సొంత పాటను తమిళులు నేటికీ ప్రీతితో వినుచున్నారు.