అజీజ్ అహ్మద్ – జీవితం, సాహిత్యం

ఉర్దూ నవలా సాహిత్యంలో హైదరాబాదుకు శాశ్వత స్థానం సమకూర్చిన రచయితలలో అజీజ్ అహ్మద్ అగ్రగణ్యులు. ఆయన మనవారే అయినను తెలుగు పాఠకులకు అంతగా పరిచితులు కాకపోవడం విచారకరం. అందుకే ఆయన జీవితాన్ని సంగ్రహంగా పరిచయం చేయదలచాము.

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టభద్రులై, లండన్‌లో ఆంగ్ల సాహిత్యం అభ్యసించి వచ్చిన అజీజ్ అహ్మద్ ఉస్మానియాలోనే ఆంగ్లోపన్యాసకులయ్యారు. 1940లలో కొన్నేళ్లు నిజాం పెద్ద కోడలు దుర్రెషెహ్వార్‌కు కార్యదర్శిగా పనిచేశారు. సంపన్న కుటుంబాల జీవితాన్ని సమీపం నుండి పరిశీలించే అవకాశం ఆయనకు అలా లభించింది.

'గురేజ్', 'ఆగ్', 'షబ్‌నమ్' ఆయన నవలలలో కొన్ని. 'ఆగ్' కాశ్మీర జీవితాన్ని చిత్రించింది. స్త్రీపురుష సంబంధాలను దాపరికం లేకుండా వర్ణించినందుకు ఆయన అశ్లీలత అనే నిందకు గురయ్యారు. ఆయన నవలలలో ఉత్తమమైనది 'ఐసీ బులందీ ఐసీ పస్తీ' అని మా అభిప్రాయం. నూర్జహాన్, సుల్తాన్ హుసేన్‌ల దాంపత్యం విచ్ఛిన్నమయ్యే కథ ద్వారా హైదరాబాదు ఉన్నత వర్గపు పతనాన్ని ఆయన చూపించారు. ఎవరినీ దూషించలేదు, ఎవరినీ వెనకేసుకు రాలేదు.

విమర్శకునిగానూ ఆయనది ఇదే నిష్పాక్షికత. 'తరఖ్ఖీ పసంద్ అదబ్' గ్రంథంలో అభ్యుదయ సాహిత్యాన్ని సమర్థిస్తూనే దాని లోపాలను ఎత్తిచూపారు. ఇక్బాల్‌పై సమగ్ర గ్రంథం రచించారు. అరిస్టాటిల్ కావ్యశాస్త్రాన్ని, దాంతే మహాకావ్యాన్ని ఉర్దూలోకి తెచ్చారు.

దేశవిభజన అనంతరం పాకిస్తాన్‌కు తరలివెళ్లి, అక్కడి ప్రభుత్వ ప్రచార శాఖలో పనిచేశారు. 1957లో లండన్‌లో అధ్యాపకులై, 1962లో టొరంటో విశ్వవిద్యాలయంలో చేరారు. కథారచన క్రమంగా వెనుకబడి, చరిత్ర రచన ముందుకు వచ్చింది. భారతీయ వాతావరణంలో ఇస్లామీయ సంస్కృతిపై 1964లోనూ, సిసిలీ ముస్లిముల చరిత్రపై 1975లోనూ ఆంగ్ల గ్రంథాలు వెలువరించారు. 1978లో టొరంటోలోనే కన్నుమూశారు.

చరిత్రకారుడు లభించాడని సంతోషించాలో, నవలాకారుడు దూరమయ్యాడని చింతించాలో మేము నిర్ణయించలేము. అయితే ఒక్క మాట. ఆయన హైదరాబాదు నవలను రాల్ఫ్ రస్సెల్ 1971లో ఆంగ్లీకరించారు. ఎక్కడో లండన్ పండితుడు చేసిన ఆ సేవ మనకు కనువిప్పు కావాలి. ఉర్దూ, తెలుగు రెండూ ఎరిగిన మన విద్యార్థులు ఇట్టి రచనలను తెలుగువారి ముంగిటకు తీసుకురావాలని మా ఆకాంక్ష.