సోల్ఫా బోధకుడు గ్విదో

గాయక బృందములో క్రొత్త పాట నేర్చుకొనునప్పుడు డో, రే, మీ అని స్వరములు పలికే పద్ధతికి సోల్ఫా అని పేరు. మన సరిగమ అను మాట వలెనే ఇదియు స్వరముల పేర్లు కలిసి ఏర్పడినది. సోల్ ఒక స్వరము, ఫా మరియొక స్వరము. ఈ పేర్లను సంఘ సంగీతమునకు అందించిన దైవజనుడు ఇటలీ దేశస్థుడైన గ్విదో.

ఆయన సుమారు క్రీ.శ. 990 ప్రాంతమున జన్మించారు. పొంపోసా మఠములో సన్యాసిగా ఉండి గాయకులకు పాట నేర్పేవారు. ఆ దినములలో ఆరాధన గీతములను గురువు నోట విని కంఠస్థము చేయవలసినదే. పాట మాటలపై వ్రాసిన గుర్తులు రాగము ఎక్కునో దిగునో సూచించేవి గాని, ఎంత ఎక్కవలెనో తెలిపేవి కావు. పది సంవత్సరములు శ్రమించినవారు సైతము ఎరుగని పాటను స్వయముగా పాడలేకపోయేవారు.

గ్విదో గీతలు గీసి, గీతల మీదను వాటి నడుమను స్వరములకు స్థానములు ఏర్పరచారు. ఒక గీతకు ఎరుపు, మరియొక దానికి పసుపు రంగు వేసి గుర్తించుట సులభము చేశారు. శిష్యులు త్వరగా నేర్చుకొన్నారు. అయితే తోటి సన్యాసులు అసూయపడగా, సుమారు 1025లో ఆయన మఠము విడిచి అరెత్సో పట్టణము చేరారు. అక్కడి బిషప్ తెయోదాల్దో ఆయనను ఆదరించి, కథీడ్రల్ గాయకులకు నేర్పే బాధ్యత అప్పగించారు. తరువాత పోపు 19వ యోహాను ఆయనను రోమునకు పిలిపించి, తానెన్నడు వినని పాటను ఆ గీతలు చూచి తానే పాడగలిగారు.

గ్విదో తన విద్యను దాచుకొనలేదు. తనను దూరము చేసిన ఆ మఠములోనే ఉన్న మిఖాయేలు అను సహోదరునికి ఉత్తరము వ్రాసి, పద్ధతి అంతయు వివరించారు. బాప్తిస్మమిచ్చు యోహానును గూర్చిన లాటిన్ కీర్తన ఒకటి ఉన్నది. దానిలో వరుసగా ఆరు చరణభాగములు ఒక్కొక్క స్వరము హెచ్చుగా ఆరంభమగును. వాటి మొదటి అక్షరములే ఊత్, రే, మీ, ఫా, సోల్, లా. ఏడవ స్వరమునకు పేరు తరువాత వచ్చినది. 17వ శతాబ్దమున ఇటలీలో ఊత్ స్థానమున డో వాడుకలోనికి వచ్చినది.

19వ శతాబ్దమున ఇంగ్లండులో సారా గ్లోవర్ అను ఉపాధ్యాయిని, ఆమె వెనుక జాన్ కర్వెన్ అను పాస్టరు ఈ అక్షరములతోనే టానిక్ సోల్ఫా పద్ధతిని రూపొందించారు. వాయిద్యము కొనలేని సామాన్యులు కూడ నాలుగు స్వరభాగములుగా పాడనేర్చారు. మిషనెరీలు దానిని అనేక దేశములకు తీసికొనిపోయారు.

నేర్చిన పాటను తనతోనే ఉంచుకొనువాడు మంచి గాయకుడు కావచ్చును. ఇతరులు తాను లేకున్నను పాడగలుగునట్లు నేర్పినవాడే సంఘమునకు కాపరివంటివాడు. మన గాయక బృందముల పెద్దలు పిన్నలకు స్వరములు నేర్పిన ప్రతి సాయంకాలము గ్విదో పని కొనసాగుచున్నది.