గురజాడవారి కన్యాశుల్కము: రచన నుండి రంగస్థలము వరకు

ఆధునికాంధ్ర సాహిత్యానికి దారి చూపిన మహనీయులలో గురజాడ అప్పారావుగారు అగ్రగణ్యులు. వారి జీవితాన్ని సమగ్రంగా వివరించడం ఈ చిన్న వ్యాసంలో సాధ్యం కాదు. కన్యాశుల్కము ఎట్లు పుట్టి, ఎట్లు రంగస్థలమెక్కినదో తెలుసుకొన్నచో ఆ జీవిత సారం బోధపడగలదని మా విశ్వాసం.

అప్పారావుగారు 1862 సెప్టెంబరు 21న విశాఖ మండలంలోని రాయవరంలో జన్మించారు. తండ్రి వెంకటరామదాసుగారు, తల్లి కౌసల్యమ్మగారు. చీపురుపల్లిలో బాల్యం గడిపి, విజయనగరంలో ఉన్నత విద్య పూర్తిచేసి, 1886లో బి.ఏ. పట్టం పొందారు. విజయనగరం మహారాజావారి కళాశాలలో ఉపన్యాసకులై, ఆనందగజపతి మహారాజుగారి ఆదరణకు పాత్రులైనారు.

ఆ కాలంలో ఆడపిల్లల తండ్రులు ధనం పుచ్చుకొని పసికందులను వృద్ధులకు కట్టబెట్టే దురాచారం బ్రాహ్మణ కుటుంబాలలో ప్రబలి ఉండేది. దీనిని అరికట్టదలచి ఆనందగజపతి 1888లో మదరాసు శాసన మండలిలో ఒక బిల్లు ప్రవేశపెట్టారు. అది నెగ్గలేదు. విశాఖపట్నం జిల్లాలో మూడు సంవత్సరాలలో జరిగిన శుల్క వివాహాల జాబితాను కూడ వారు తయారు చేయించారు. సొమ్ము పుచ్చుకొన్నామని ఒప్పుకొనువారు అరుదు గనుక ఆ జాబితా అసంపూర్ణమే. అయినను అందులో 1034 వివాహాలు నమోదైనవి. అయిదేండ్ల పిల్లలు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు ఆరుగురు, ఏడాది పసిబిడ్డలు ముగ్గురు! ఆ ముగ్గురి వెల తలకు 350 నుండి 400 రూపాయలు.

ఈ అంకెలు అప్పారావుగారి హృదయాన్ని కలచివేసినవి. శాసనం చేయలేని పనిని సాహిత్యం చేయవలెనని వారు సంకల్పించారు. చదువరుల సంఖ్య స్వల్పమైన ఆనాటి సమాజంలో జనం మనసులను తాకగలది నాటకమొక్కటే అని వారు గ్రహించారు. 1880లో ధార్వాడ నాటక సమాజంవారు వచ్చి వెళ్ళిన తరువాత తెలుగునాట నాటకాభిరుచి పెరిగినది. కాని ఆనాటి నాటకాలలో అధిక భాగం పురాణ కథలే, పద్యాలే. అప్పారావుగారు కళ్ళెదుటి కథను, నోటి మాటను ఎన్నుకొన్నారు. ఇది సామాన్యమైన సాహసం కాదు. వ్యవహార భాష గ్రంథరచనకు తగదని పండితులు భావించే రోజులవి. వకీలు వంటి పారసీ, అరబ్బీ మాటలు కూడ జనం నాలుకపై ఉన్నవి ఉన్నట్లే ఆ నాటకంలో చోటు చేసుకొన్నవి.

అగ్నిహోత్రావధానులు శుల్కం కోసం పెద్ద కూతురు బుచ్చమ్మను ముసలివానికిచ్చి విధవను చేసుకొన్నవాడు. అదే ఆశతో చిన్న కూతురు సుబ్బిని వృద్ధుడైన లుబ్ధావధానులుకు ఇవ్వజూస్తాడు. మేనమామ కరటకశాస్త్రి తన శిష్యునికి ఆడవేషం వేసి, ఆ పెండ్లికొడుకునకే అంటగట్టి మేనకోడలిని రక్షిస్తాడు. కన్నీరు పెట్టించవలసిన విషయాన్ని అప్పారావుగారు హాస్యంతో నడిపించారు. తిట్టిన సంఘం చెవులు మూసుకొనును; నవ్వించిన సంఘం తన ముఖం తానే చూచుకొనును. ఈ కిటుకు వారికి తెలియును.

1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ నాటక సమాజంవారు దీనిని తొలిసారి ప్రదర్శించారు. 1897లో అచ్చయి, ఆనందగజపతికి అంకితమైనది. ఆ సంవత్సరమే మహారాజు పరమపదించారు. తొలి విజయంతో అప్పారావుగారు తృప్తి చెందలేదు. అయిదంకాల నాటకాన్ని దాదాపు తిరిగి రచించి, ఏడంకాలుగా పెంచి 1909లో మరల ప్రకటించారు. నేడు మనం చదువుకొంటున్నది ఆ రెండవ కూర్పే. 1915 నవంబరు 30న వారు కీర్తిశేషులైనారు.

ఇస్లాం ధర్మశాస్త్రం ప్రకారం వరుడిచ్చే మహర్ వధువు సొంత హక్కు. తండ్రి సొత్తు కాదు. ఈ భేదం తెలిసిన మనకు కన్యాశుల్కంలోని అన్యాయం మరింత స్పష్టంగా గోచరిస్తుంది. కాని గర్వించనక్కరలేదు. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చినను కట్నం మన ఇండ్లలోను పోలేదు. ఆనాడు సొమ్ము పెండ్లికూతురి తండ్రికి ముట్టేది, ఈనాడు పెండ్లికొడుకు ఇంటికి ముట్టుచున్నది. బేరంలో నిలబడినది మాత్రం ఆడపిల్లయే. మన విద్యార్థినీ విద్యార్థులు ఈ నాటకాన్ని పరీక్షకు మాత్రమే చదివి పక్కన పెట్టక, తమ పెండ్లి మాటలనాడు కూడ జ్ఞాపకముంచుకొన్నచో అప్పారావుగారి శ్రమ ఫలించినదని మేము భావిస్తాము.