మాయాబజార్‌లో ఆ వెన్నెల ఎవరిది?

మాయాబజార్ అనగానే మనకి ఎన్టీఆర్, ఎస్వీఆర్, సావిత్రి గుర్తొస్తారు. డిపార్ట్‌మెంట్ వాళ్ళం కాబట్టి పింగళి గారి మాటలు ఇంకా ముందు గుర్తొస్తాయి. కానీ లాహిరి పాటలో పడవ మీదా నీళ్ళ మీదా పరుచుకున్న ఆ వెన్నెల ఎవరిది అని ఎవరమూ అడగం. అది మార్కస్ బార్ట్‌లీ గారిది. తెలుగు గోడపత్రికలో కెమెరామన్ గురించి ఎందుకు అంటారేమో. ఈ కాగితం కింద అంటించిన ఫోటో వల్ల. ఆ సంగతి చివర్లో చెప్తాను.

బార్ట్‌లీ 1917లో ఒక ఆంగ్లో ఇండియన్ కుటుంబంలో పుట్టారు. మొదట టైమ్స్ ఆఫ్ ఇండియాలో ప్రెస్ ఫోటోగ్రాఫర్‌గా పనిచేశారు. ఆ తర్వాత బ్రిటిష్ మూవీటోన్ వార్తాచిత్రాలకు కెమెరా పట్టారు. వార్తా ఫోటోకి ఒకటే నియమం, జరిగింది జరిగినట్టు తీయడం. ఎండ ఎటు పడితే అటు, నీడ ఎక్కడుంటే అక్కడ. అందులో ఫోటోగ్రాఫర్ ఇష్టాయిష్టాలకు చోటు తక్కువ.

1945లో బి.ఎన్. రెడ్డి గారి స్వర్గసీమకి పనిచేయడంతో ఆయన తెలుగు సినిమాకి దగ్గరయ్యారు. ఇక్కడ లెక్క పూర్తిగా తిరగబడింది. స్టూడియో ఫ్లోరులో సూర్యుడూ ఉండడు, చంద్రుడూ ఉండడు. తెల్లవారుజామైనా, అర్ధరాత్రైనా లైట్లతో పుట్టించాల్సిందే. ఉన్న వెలుతురుని పట్టుకునే మనిషి లేని వెలుతురుని తయారుచేసే పనిలో పడ్డారు.

తర్వాత నాగిరెడ్డి, చక్రపాణి గార్ల విజయా సంస్థకి ఆయన ఆస్థాన కెమెరామన్ లాంటివారయ్యారు. పాతాళభైరవి (1951), మిస్సమ్మ (1955), మాయాబజార్ (1957), గుండమ్మ కథ (1962), ఇవన్నీ ఆయన కంటితో చూసినవే. వడపళనిలో ఇప్పుడు విజయా ఆస్పత్రి, పక్కన పెద్ద మాల్ ఉన్నాయి కదా, విజయా వాహినీ స్టూడియో అక్కడే ఉండేది. మనం మెట్రో దిగి షాపింగ్‌కి నడిచే ఆ చుట్టుపక్కలే ఒకప్పుడు సెట్టింగులు లేచాయి.

నలుపు తెలుపులో తీయడమంటే రంగులు వదిలేయడం కాదు. ఎర్ర చీరా ఆకుపచ్చ చీరా కంటికి ఎంత తేడాగా ఉన్నా, ఫిల్ము మీద ఒకే బూడిద రంగులో పడొచ్చు. కాబట్టి ఏది ఎంత తెలుపు, ఏది ఎంత నలుపు అన్నది ముందే ఆలోచించుకోవాలి. వెన్నెల ఇంకా కష్టం. నిజం వెన్నెల్లో తీద్దామంటే ఆనాటి ఫిల్ముకి ఆ వెలుతురు చాలదు. అందుకని సినిమా వాళ్ళు పగటినే రాత్రిగా మార్చేవారు. ఎర్ర ఫిల్టర్ పెడితే నీలాకాశం నల్లబడుతుంది. లోపలికి వెళ్ళే వెలుతురు తగ్గిస్తే పగలు రాత్రిలా కనిపిస్తుంది. మరీ తగ్గిస్తే మొహాలు మునిగిపోతాయి, తగ్గించకపోతే ఎండ బయటపడిపోతుంది. ఇప్పటిలా వెంటనే తెర మీద చూసుకునే వీలు లేదు. ల్యాబ్‌లో ఫిల్ము కడిగాకే తెలిసేది. అంటే ఎంత మార్చాలి, ఎక్కడ ఆపాలి అన్నది ముందుగా మనసులోనే తేల్చుకోవాలి.

ఈసారి లాహిరి పాట చూసేటప్పుడు దీన్ని గమనించండి. పడవలో జంటలు మారతాయి. శశిరేఖా అభిమన్యులు, తర్వాత రుక్మిణీ కృష్ణులు, ఆ తర్వాత రేవతీ బలరాములు. నీళ్ళు తళతళమంటాయి, చెట్లు నల్లగా నిలబడతాయి. అయినా ఒక్క మొహమూ చెరిగిపోదు. అది వెన్నెల కాదని మనకి తెలిసినా, ఆ మొహాలు అబద్ధం అనిపించవు.

ఆయనకి రంగులు చేతకాకనేం కాదు. 1965లో వచ్చిన మలయాళ చిత్రం చెమ్మీన్‌కి కెమెరా ఆయనదే. ఆ రంగుల చిత్రానికి రాష్ట్రపతి స్వర్ణపతకం వచ్చింది, దక్షిణాది సినిమాకి అదే మొదటిసారి. శాంతినిలయం (1969) అనే తమిళ చిత్రానికి ఛాయాగ్రహణంలో ఆయనకి జాతీయ అవార్డు వచ్చింది. అదీ రంగులదే. 1993లో కన్నుమూశారు.

ఆయన పోయిన పదిహేడేళ్ళకి, 2010 జనవరిలో, మాయాబజార్ రంగుల్లో విడుదలైంది. హైదరాబాద్‌కి చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ కంప్యూటర్ల సాయంతో రంగులు వేయించింది. దర్శకుడు కె.వి. రెడ్డి గారు 1972లోనే పోయారు. ఇది ఇలా ఉండాలి అని చెప్పగల ఇద్దరూ లేరన్నమాట. నేను దాన్ని తప్పుపట్టడం లేదు. నలుపు తెలుపు అంటే మొహం తిప్పుకునే మా తమ్ముడు రంగుల్లో ఉంది కాబట్టే కూర్చుని చివరిదాకా చూశాడు. కానీ ఒక్కటి ఆలోచించండి. మన పద్యాల్లో కృష్ణుడు నల్లనివాడు, నీలమేఘశ్యాముడు. పాత సినిమాలో ఆ మేనిఛాయని ఎవరి మనసుకి తోచినట్టు వాళ్ళు ఊహించుకున్నారు. రంగు వేసేవాళ్ళకి ఆ వీల్లేదు, ఏదో ఒకటి తేల్చేయాలి. తేల్చాక మన ఊహకి పని ఉండదు.

ఇక ఫోటో సంగతి. ఈ సంచికకి మన గ్రూపు ఫోటో ఫోన్లో సర్దింది నేనే. సాయంత్రం తీసింది కదా, వెలుతురు చాల్లేదని బ్రైట్‌నెస్ కాస్త పెంచాను. బానే వచ్చింది. అక్కడ ఆగితే సరిపోయేది. ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ అందరి మొహాలూ తెల్లగా, నున్నగా అయ్యేదాకా పోయాను. వెనక వరసలో నించున్న నా ఫ్రెండ్ చూసి, బావుందే, మరి ఇందులో నేనెక్కడ అని అడిగింది. నవ్వుతూనే అడిగింది. కానీ తర్వాత ఆ ఫోటో తన ఫోన్‌కి పంపమనలేదు.

బార్ట్‌లీ గారు కూడా మార్చారు, నాకంటే చాలా ఎక్కువే మార్చారు. పగటిని రాత్రి చేశారు. కానీ ఆ రాత్రిలో సావిత్రి సావిత్రిలాగే ఉంది. ఆయన మార్చింది వేళని, మనిషిని కాదు. నేను మార్చింది మనిషిని.

అందుకే మళ్ళీ మొదట్నుంచి సర్దాను. మొదట పెంచిన ఆ కాస్త వెలుతురే ఉంచి, మిగతాదంతా తీసేశాను. కింద ఉన్నది అదే. కొంచెం చీకటిగా ఉంది, దగ్గరికొచ్చి చూడండి. అందరం ఉన్నాం.