పరీక్ష తప్పిన ఏడాది – రుడాల్ఫ్ డీజిల్ జీవితం

డీజిల్ అనే మాట వినని వారు మన హాస్టల్‌లో ఎవరూ ఉండరు. ట్రంకు పెట్టెతో మేము మొదటిసారి ఇక్కడికి వచ్చిన ఆర్టీసీ బస్సు, మా ఊరి చేలకు నీళ్ళు తోడిన ఇంజను దానితో నడిచినవే. అయితే అది ఒక మనిషి పేరని ఇంటర్మీడియట్ దాకా మాకు తెలియదు. తెలిసిన తర్వాత ఆయన కనిపెట్టిన యంత్రం కన్నా, ఆయన చదువుకున్న తీరే మాకు ఎక్కువ దగ్గరగా అనిపించింది.

రుడాల్ఫ్ డీజిల్ 1858 మార్చి 18న పారిస్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు జర్మనీ ప్రాంతం నుంచి అక్కడికి బతకడానికి వచ్చినవారు. తండ్రి తోలు వస్తువులు తయారుచేసేవాడు. ఇల్లు గడవడం కష్టంగా ఉండేది. పిల్లవాడు తండ్రికి పనిలో సాయం చేస్తూ, తయారైన వస్తువులను తోపుడు బండిలో పెట్టుకుని కొన్నవారికి చేర్చేవాడు. తోలు పని చేసే ఇళ్ళ నుంచి వచ్చిన మిత్రులు మనలో ఉన్నారు. వారికి ఈ ముక్క మేము విడమరచి చెప్పనక్కరలేదు.

1870లో ఫ్రాన్స్‌కు, ప్రష్యాకు యుద్ధం వచ్చింది. జర్మన్లు పారిస్ వదిలి పోవలసి వచ్చింది. కుటుంబం లండన్ చేరింది. పన్నెండేళ్ళ రుడాల్ఫ్‌ను మాత్రం జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో బంధువుల ఇంటికి పంపారు. ఆ ఇంటాయన అక్కడి వృత్తి విద్యా పాఠశాలలో లెక్కల మాస్టారు. కన్నవారికి దూరంగా ఉంటూనే చదువులో క్లాసు ఫస్టు వచ్చాడు. పద్నాలుగేళ్ళకే ఇంజనీరు అవుతానని ఇంటికి ఉత్తరం రాశాడు. 1875లో మ్యూనిక్ పాలిటెక్నిక్‌లో స్కాలర్‌షిప్ వచ్చింది. ఇంట్లో వాళ్ళు మాత్రం చదివింది చాలు, ఇక సంపాదించమన్నారు. ఈ మాట మన ఇళ్ళలోనూ వినిపించేదే. అంతమాత్రాన వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, అవసరం అలా అనిపిస్తుంది. రుడాల్ఫ్ స్కాలర్‌షిప్ వైపే వెళ్ళాడు.

మ్యూనిక్‌లో కార్ల్ లిండే అనే ప్రొఫెసరు శీతలీకరణ యంత్రాలలో పేరు పొందినవాడు. ఆవిరి యంత్రంలో బొగ్గు వేడి చాలావరకు వృథాగా పోతుందని ఆయన పాఠంలో విని, అంతకంటే మెరుగైన ఇంజను చేయాలనే ఆలోచన రుడాల్ఫ్ మనసులో పడింది.

1879 జూలైలో చివరి పరీక్షలు. సరిగ్గా అప్పుడే టైఫాయిడ్ వచ్చింది. తోటివారంతా పరీక్ష రాసి బయటపడ్డారు, రుడాల్ఫ్ మంచం మీద ఉండిపోయాడు. మళ్ళీ పరీక్షకు నెలల తరబడి ఆగాలి. మాకు డిగ్రీలో పచ్చకామెర్ల వల్ల ఒక పరీక్ష పోయినప్పుడు ఊరికి వెళ్ళి, ఎవరికీ మొహం చూపించలేక, ఎండాకాలమంతా అరుగు మీద కూర్చున్నాం. రుడాల్ఫ్ అలా కూర్చోలేదు. స్విట్జర్లాండ్‌లోని వింటర్‌థూర్‌లో సుల్జర్ సోదరుల యంత్రాల కర్మాగారానికి వెళ్ళాడు. అది ఆవిరి యంత్రాలు తయారుచేసే పెద్ద సంస్థ. ఇంకా పట్టా చేతికి రాని విద్యార్థి అక్కడ పని నేర్చుకున్నాడు. కాగితం మీద గీసిన గీత ఇనుములో ఎలా తయారవుతుందో, ఎక్కడ మొరాయిస్తుందో పనివారి మధ్య ఉంటేనే తెలుస్తుంది.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. ఇంజనీరింగ్ చదివే మా మిత్రులు కొందరు ట్రైనింగుకు వెళ్ళకుండానే డబ్బు కట్టి సర్టిఫికెట్ తెచ్చుకున్నారు. ప్రాజెక్టు రిపోర్టు జిరాక్స్ షాపులో దొరికింది. నాలుగేళ్ళు చదివి ఒక్కసారి కూడా ఇంజను విప్పి చూడలేదని వాళ్ళే మాతో చెప్పుకున్నారు. తప్పంతా వాళ్ళదే అనలేం. తెలిసినవారు లేని పిల్లవాడిని ఫ్యాక్టరీ గేటు దాటనిచ్చేదెవరు?

1880 జనవరిలో రుడాల్ఫ్ పరీక్ష రాసి అత్యున్నత శ్రేణిలో పాసయ్యాడు. లిండే పారిస్‌లో మంచు ఫ్యాక్టరీ పనిలోకి తీసుకున్నాడు, ఏడాది తిరిగేసరికి రుడాల్ఫ్ దానికి డైరెక్టర్. తర్వాత అమ్మోనియాతో నడిచే ఇంజను మీద ప్రయోగం చేస్తుంటే అది పేలి, నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నాడు.

1892లో తన కొత్త ఇంజనుకు పేటెంటు అడిగాడు. గాలిని గట్టిగా అదిమితే పుట్టే వేడికే ఇంధనం మండాలి, నిప్పురవ్వతో పని లేదు. 1893లో ఆగ్స్‌బర్గ్ కర్మాగారంలో పని మొదలైంది. తొలి పరీక్షలోనే ఒత్తిడి కొలిచే పరికరం పేలిపోయింది. పుస్తకంలో రాసుకున్న లెక్క యంత్రంలో అలాగే నిలవలేదు. విప్పడం, మార్చడం, మళ్ళీ బిగించడం, ఇలా నాలుగేళ్ళు. 1897 ఫిబ్రవరి 17న జరిపిన పరీక్షలో ఇంధనపు వేడిలో 26.2 శాతం పనిగా మారింది. ఆనాటి ఆవిరి యంత్రాలు 10 శాతం దగ్గరే ఆగేవి. అన్నట్టు, 1893లోనే ఈ ఇంజను కోసం ఆయనతో ఒప్పందం చేసుకున్న సంస్థల్లో సుల్జర్ ఒకటి. పద్నాలుగేళ్ళ కిందట పట్టా లేకుండా వచ్చి పని నేర్చుకున్న కుర్రవాడితో ఆ ఒప్పందం!

పేరు వచ్చింది, డబ్బు వచ్చింది, డబ్బు నిలవలేదు. పేటెంటు తగాదాలు, అప్పులు, అనారోగ్యం చుట్టుముట్టాయి. 1913 సెప్టెంబర్ 29 రాత్రి ఆంట్‌వెర్ప్ నుంచి ఇంగ్లండు వెళ్ళే డ్రెస్డెన్ అనే ఓడలో భోజనం చేసి గదికి వెళ్ళిన మనిషి తెల్లవారేసరికి లేడు. కొన్ని రోజుల తర్వాత సముద్రంలో దొరికిన శవం దగ్గరి వస్తువులను కొడుకు గుర్తుపట్టాడు. ఎలా చనిపోయాడన్నది నేటికీ తేలలేదు.

జబ్బు వల్ల పరీక్ష తప్పిన ఆ మ్యూనిక్ నగరంలోనే, డాయిచెస్ మ్యూజియంలో, 1897 నాటి ఇంజను ఉంది.