విలియం నిబ్బుగారును జమైకా విమోచన దినమును

పండుగలు పెక్కు విధములు. పంట యింటికి వచ్చినప్పుడు చేయునవి కొన్ని. మహాపురుషులు పుట్టిన దినములను స్మరించి చేయునవి కొన్ని. తమ పూర్వుల మెడలనుండి కాడి విరిగిపడిన గడియను స్మరించి ఒక జనసమాజము చేసికొను పండుగ వీనికంటె వేరైనది. ఆగస్టు 1వ తేదిని వెస్టిండీసు దీవులలో నొకటియైన జమైకాయందు జరుగు విమోచన దినము అట్టిది. ఆ పండుగను గూర్చి మన విద్యార్థులకు తెలుపగోరి, దానితో విడదీయరాని సంబంధముగల విలియం నిబ్బుగారి జీవితమును ఈ పుటలలో సంగ్రహముగా వ్రాయుచున్నాము. ఆయనయు మొదట మావలెనే యొక బడిపంతులు.

నిబ్బుగారు 1803వ సంవత్సరము సెప్టెంబరు 7వ తేదిని ఇంగ్లండులోని కెటరింగు అను చిన్న పట్టణమందు జన్మించెను. ఆయనతోకూడ ఒక సోదరి కవలగా పుట్టెను. ప్రాయము వచ్చిన పిమ్మట ఆయన బ్రిస్టలు నగరమునకు పోయి ముద్రాక్షరశాలలో పని నేర్చుకొనెను. ఆయన అన్న థామసు 1823లో బాప్టిస్టు మిషను పక్షమున జమైకాకు ఉపాధ్యాయుడుగా వెళ్లి, మరుసటి సంవత్సరమే జ్వరముచే మరణించెను. ఆ దుఃఖవార్త విని తమ్ముడు వెనుదీయక, అన్న విడిచిన స్థానమునకు తానే పోవుదునని ముందుకు వచ్చెను. అప్పటికాయన వయస్సు ఇరువది యొక్క యేండ్లు. ఆ 1824వ సంవత్సరమందే మేరీ వాట్కిన్సు అను నామెను వివాహమాడి, నవంబరు మాసమున ఓడ యెక్కెను. సెలవు పుచ్చుకొనుటకు పోయిన కుమారునితో తల్లి, చేపట్టిన పనికి నీవు అపకీర్తి తెచ్చితివను మాటకంటె సముద్రమున మునిగితివను మాట వినుటయే నాకు మేలని చెప్పి పంపెనట. ఆ తల్లి మాటను ఆయన బ్రతికినంతకాలము మరువలేదు.

1825వ సంవత్సరారంభమున ఆయన జమైకా చేరెను. అది చెరకుతోటల దేశము. ఐరోపావారి ఫలాహారములకు తీపి నిచ్చు పంచదార అచ్చట మూడు లక్షలకు మించిన బానిసల చెమటతో తయారగుచుండెను. ఆఫ్రికానుండి క్రొత్తగా బానిసలను తెచ్చి యమ్ముటను ఆంగ్లప్రభుత్వము 1807లో చట్టముచే నిషేధించినను, అప్పటికి బానిసలైనవారు బానిసలుగానే యుండిరి. బానిసతల్లికి పుట్టిన బిడ్డయు పుట్టుకతో బానిసయే. మనుష్యులను పశువులతోపాటు ఆస్తిపట్టీలలో లెక్కవ్రాయుదురు, అప్పులకు జప్తుచేయుదురు, తల్లినొకనికి, బిడ్డనొకనికి అమ్ముదురు. కోతకాలమున రాత్రింబవళ్లు గానుగలు తిరుగును; వెనుకబడినవారి వీపున కొరడా పడును. ఇట్టి దేశమున కింగ్‌స్టను నగరమందు నిబ్బుగారు బడి నడుపసాగెను. కొన్ని సంవత్సరములకు సవానలమారు అను ఊర బోధకుడై, 1830లో ఉత్తరతీరమందలి ఫాల్మతు రేవుపట్టణపు సంఘమునకు కాపరి యాయెను.

మిషనువారు ఆయనకిచ్చిన ఉత్తరువులలో ముఖ్యమైనది, రాజకీయ విషయములలో వ్రేలుపెట్టరాదనుట. బానిసత్వమును గూర్చి బహిరంగముగా పలికినచో తోటల యజమానులు బోధకులనందరిని వెళ్లగొట్టుదురనియు, అప్పుడు బానిసలకు చదువుగాని బోధగాని లేకపోవుననియు పెద్దలు భయపడిరి. ఆ భయము నిష్కారణము కాదు. కావున నిబ్బుగారు కొన్ని సంవత్సరములు కడుపులోని మంటను కడుపులోనే యణచుకొని పనిచేసెను.

1830లో జరిగిన యొక సంగతి ఆ మౌనమునకు మొదటి బీటవేసెను. శాం స్వైనీ అను బానిస సవానలమారు సంఘములో పరిచారకుడు. కాపరి లేని సమయమున కొందరు కూడుకొనగా అతడు ప్రార్థనచేసెను. బానిస బోధించుట నేరమని న్యాయాధికారులు అతనిని పట్టించిరి. ప్రార్థనకును బోధకును భేదమున్నదని నిబ్బుగారు వాదించినను వినక, ఇరువది కొరడాదెబ్బలును, రెండు వారములు సంకెళ్లతో కఠినమైన పనియు శిక్షగా విధించిరి. దెబ్బలు పడుచున్నప్పుడు నిబ్బుగారు చెంతనే నిలిచియుండెను. పిదప గొలుసులతో బాటవెంబడి నడిపింపబడుచున్న స్వైనీ ప్రక్కను, ఊరివారందరు చూచుచుండగా, ఆయనయు నడచెను. తరువాత ఆ సంగతినంతయు పత్రికలో ప్రకటించెను. అది లండనుదాక పోయెను. విచారణమీదట ఆ న్యాయాధికారులు పదవులనుండి తొలగింపబడిరి. ఒక బానిస వీపుమీది దెబ్బలకు అధికారులు జవాబు చెప్పవలసివచ్చుట ఆ దీవిలో ఎంతటి వింతయో చదువరులు ఊహింపగలరు.

ఇప్పుడు మరియొక మహాపురుషుని పేరు చెప్పవలసియున్నది. మాంటీగోబే పట్టణమున సామ్యూలు షార్పు అను బానిస యుండెను. చదువను వ్రాయను నేర్చినవాడు. బాప్టిస్టు సంఘమున పరిచారకుడు. పలుకునందు గొప్ప శక్తిగలవాడు. ఇంగ్లండులో విమోచనమును గూర్చి జరుగుచున్న చర్చలను పత్రికలలో చదివి తోడివారికి తెలుపుచుండెను. 1831వ సంవత్సరపు క్రిస్మసు సెలవులు ముగిసిన పిదప కూలియిచ్చిననేగాని పనిలోనికి దిగరాదని అతడు రహస్యముగా జనులచేత ప్రమాణము చేయించెను. రాజు విడుదల పత్రమును పంపియున్నాడనియు, యజమానులు దానిని దాచియున్నారనియు వదంతి పుట్టెను. డిసెంబరు 27వ తేదిని సాల్టర్సు హిల్లు అను చోట నూతన ప్రార్థనాలయ ప్రతిష్ఠకు వచ్చిన నిబ్బుగారు, అట్టి పత్రమేదియు రాలేదనియు, పనులకు మరలి పొండనియు బానిసలకు చెప్పెను. వారు ఆ మాటకు మొగము త్రిప్పుకొనిరి. ఆ రాత్రియే కెన్సింగ్టను తోటలో నిప్పు లేచెను. కొండలమీద తోటవెంట తోట మండెను.

ఆ తిరుగుబాటును సైనికులు కొన్ని వారములలో నణచిరి. తెల్లవారిలో చచ్చినవారు పదునలుగురు. బానిసలలో పోరాటమందు సుమారు రెండువందలమంది చావగా, విచారణపేరిట మరి మూడువందలకు పైగా మరణశిక్ష పొందిరి. 1832 మే 23వ తేదిని షార్పు మాంటీగోబే సంతబజారులో ఉరితీయబడెను. నిబ్బుగారును తిరుగుబాటునకు ప్రేరకుడని పట్టుబడెను గాని, సాక్ష్యము లేమిచే విడిచిపెట్టబడెను. ఫాల్మతులోని ఆయన ప్రార్థనాలయమును మరికొన్ని మందిరములను అల్లరిమూకలు పడగొట్టిరి. పనికి పొండని చెప్పిన బోధకుని మందిరము కూలెను. పని మానుడని చెప్పిన పరిచారకుడు ఉరికంబ మెక్కెను. ఇరువురి దారులు వేరైనను యజమానుల కోపము ఇరువురిమీదను ఒక్కటిగానే పడెను.

ఇక మౌనముగా నుండుట సత్యమునకు ద్రోహమని నిబ్బుగారు నిశ్చయించుకొనెను. జమైకాలోని తోడి బోధకులు ఆయనను ప్రతినిధిగా ఇంగ్లండునకు పంపిరి. 1832 జూన్ మాసమున లండనులో జరిగిన మిషను మహాసభయందు ఆయన లేచి, బానిసత్వమును తోడనే నిర్మూలింపవలెనని ధైర్యముగా పలికెను. పలుకుచుండగా మిషను కార్యదర్శి వెనుకనుండి ఆయన కోటు అంచు పట్టి లాగెనని చరిత్రకారులు చెప్పుదురు. ఆయన కూర్చుండలేదు. తన్ను మిషనువారు విడిచినను, భార్యాబిడ్డలతో కాలినడకను తిరిగియైనను ఈ సంగతి చాటెదనని తెలిపెను. సభ ఆయన పక్షమాయెను. పిదప ఇంగ్లండు, స్కాట్లండు దేశములలో ఊరూర తిరిగి తాను కన్నవానిని వివరించెను. పార్లమెంటు ఉభయసభల విచారణసంఘముల యెదుటను సాక్ష్యమిచ్చెను.

1833 ఆగస్టు నెలలో విమోచన చట్టము అమోదింపబడెను. 1834 ఆగస్టు 1వ తేదినుండి అమలులోనికి వచ్చెను. అయితే ఈ చట్టమున రెండు లోపములుండెను. నష్టపరిహారముగా రెండుకోట్ల పౌనులు యజమానులకే యిచ్చిరి. దెబ్బలు తినినవారికి ఒక్క కాసైనను లేదు. ఆ పైకమునకై ప్రభుత్వము చేసిన అప్పు 2015వ సంవత్సరమున గాని పూర్తిగా తీరలేదన్న సంగతి పలువురికి ఆశ్చర్యము కలిగించును. రెండవ లోపము, ఆరేండ్లలోపు పిల్లలకు మాత్రమే వెంటనే స్వేచ్ఛ కలిగెను. తక్కినవారు అప్రెంటీసులను పేరుతో, వారములో అధికభాగము కూలిలేక పాతయజమానుల క్రిందనే పనిచేయవలసియుండెను. పేరు మారెను గాని కొరడా మారలేదు. 1834లో జమైకాకు మరలివచ్చిన నిబ్బుగారును, ఇంగ్లండునుండి వచ్చి చూచిపోయిన జోసెఫు స్టర్జిగారును ఈ వంచనను లోకమునకు వెల్లడిచేసిరి. ఆ పోరాటము మధ్యనే 1837లో నిబ్బుగారి పండ్రెండేండ్ల కుమారుడు విలియం మరణించెను. తుదకు 1838 ఆగస్టు 1వ తేదిని అందరికిని సంపూర్ణ విమోచనమని నిర్ణయమాయెను.

ఆ ముందటి రాత్రి ఫాల్మతు ప్రార్థనాలయమున జరిగినదే నేటి పండుగకు మూలము. మందిరము లోపలను వెలుపలను జనులు క్రిక్కిరిసియుండిరి. నిబ్బుగారు వేదికమీద నిలిచి గడియారమువైపు చూపుచు, మృగము చచ్చుగడియ సమీపించుచున్నదని తెలిపెను. పండ్రెండవ గంట కొట్టగానే అది చచ్చెనని ప్రకటించెను. అప్పుడు లేచిన ఆనందధ్వనికి మందిరము కదలినట్లాయెనట. తెల్లవారగానే ఒక శవపేటికలో సంకెల, కొరడా, ఇనుపకంటె యుంచి గోతిలో పాతిపెట్టి, పైన స్వాతంత్ర్యవృక్షమని ఒక మొక్క నాటిరి. అప్పటి రాజధానియైన స్పానిషు టౌనులో గవర్నరు ప్రకటన చదివెను. బోధకుడైన ఫిలిప్పోగారితో వేలకొలది జనులు ఊరేగింపుగా వచ్చిరి. రక్తపాతమేదియు జరుగలేదు.

పండుగ మరునాడే కష్టములు మొదలాయెను. యజమానులు గుడిసెలకు అధికమైన అద్దె విధించి, కాదన్నవారిని వెళ్లగొట్టసాగిరి. నిలువనీడ లేనివాని స్వేచ్ఛ నీటిమీది వ్రాతయని యెరిగి, నిబ్బుగారు భూములు కొని, చిన్నచిన్న వంతులుగా విభజించి, విడుదలపొందినవారికి అమ్మి స్వతంత్ర గ్రామములను నెలకొల్పెను. అందొకదానికి తన జన్మస్థలమైన కెటరింగు పేరే పెట్టెను. ఆయన ప్రోత్సాహముచే బడులు పెరిగెను; 1843లో ఆ దేశీయులనే బోధకులుగా సిద్ధపరచుటకు కాలబారు విద్యాలయము స్థాపింపబడెను. ఇంత పనిచేసి, 1845 నవంబరు 15వ తేదిని పచ్చజ్వరముచే నలువదిరెండవ యేట ఆయన కాలధర్మము చెందెను. వేలకొలది స్వతంత్రులు ఆయన దేహమును ఫాల్మతు మందిరపు ఆవరణకు సాగనంపిరి.

ఆగస్టు 1వ తేదిని జమైకావారు నాటినుండియు పాటించుచు వచ్చిరి. 1962లో దేశము స్వతంత్రమైన పిమ్మట ఆ సెలవు తొలగి స్వాతంత్ర్య దినమునకు చోటిచ్చెను. ముప్పదియైదేండ్ల తరువాత, 1997లో, ప్రధానమంత్రి ప్యాటర్సనుగారి కాలమున దానిని పునరుద్ధరించిరి. ఇప్పుడు జూలై 31వ తేది రాత్రి మందిరములలోను ఊరిబయళ్లలోను జాగరణచేయుదురు. అర్ధరాత్రివేళ గంటలు మ్రోగించుదురు. విమోచన ప్రకటనను సభలో చదువుదురు. సెవిల్లు అను పురాతన తోటలో ఆఫ్రికా మద్దెలలతో పాటలతో రాత్రి గడపుదురు. బ్రకిన్సు అను నృత్యమున ఎరుపుపక్షమువారును నీలిపక్షమువారును రాజులవలెను రాణులవలెను దుస్తులు ధరించి పోటీపడి ఆడుదురు. ఆగస్టు 6వ తేదియైన స్వాతంత్ర్య దినమువరకు ఆ సందడి సాగును. షార్పుగారు 1975లో జాతీయవీరుడుగా ప్రకటింపబడెను. విమోచనమునకు నూటయేబది యేండ్లు నిండిన 1988లో నిబ్బుగారికి ఆ ప్రభుత్వము మరణానంతరముగా ఆర్డర్ ఆఫ్ మెరిట్ బిరుదము నొసగెను. ఫాల్మతు చెంత 1961లో స్థాపింపబడిన యొక ఉన్నతపాఠశాల ఆయన పేరు వహించియున్నది. పరుగుపందెములలో లోకమునెల్ల జయించిన ఉసేన్ బోల్టు ఆ బడిలో చదివినవాడేయని తెలిసినచో మన క్రీడాకారులు సంతసింతురు.

ఈ చరిత్రతో తెలుగువారికిని కొంత సంబంధము కలదు. హిందూమహాసముద్రమందలి మారిషస్ దీవిలో 1835 ఫిబ్రవరి 1వ తేదిని బానిసత్వము రద్దాయెను. ఆ తేది నేటికిని అచ్చట సెలవుదినము. విడుదలపొందినవారి స్థానమున చెరకుతోటలలో పనిచేయుటకు ఒడంబడిక కూలీలుగా మన దేశస్థులు వేలకొలది పోయిరి. వారిలో గోదావరిమండలపు కోరంగి రేవునుండి ఓడయెక్కిన తెలుగువారును కలరు. అందుచే అచ్చటివారు తెలుగువారిని కోరంగీలని పిలిచిరి. ఒకరి సంకెళ్లు ఊడినచోట మరియొకరి చేత ఒడంబడిక కాగితముపై వ్రేలిముద్ర వేయించుట స్వేచ్ఛకు శత్రువు ఎన్ని వేషములు వేయునో చూపుచున్నది.

విద్యార్థులారా, జమైకావారికి విడుదల నిచ్చినవారెవరని యెవరైన అడిగినయెడల, నిబ్బుగారని మాత్రమే చెప్పుట న్యాయము కాదు. ఉరికంబమెక్కిన షార్పును, దెబ్బలు తినిన స్వైనీయు, పేరులేని వేలమందియు ఆ వెల చెల్లించిరి. నిబ్బుగారి ఘనత మరియొకటి. పెద్దలు వారించినను తాను కన్న అన్యాయమును దాచలేదు. గంట కొట్టిన రాత్రితో పని ముగిసెనని తలపక, నేల చూపి, బడి కట్టి, ఆ స్వేచ్ఛను నిలువబెట్టుటకు ప్రాణమిచ్చెను. మన యూరిలోనైనను అప్పు పేరిట బడి మాని పనికి పోవు బాలుడున్నంతకాలము ఆ పని మిగిలియున్నదని మా తలంపు. అతని చేయి పట్టి బడికి తీసికొనివచ్చువాడు ఆగస్టు 1వ తేది పండుగను తెలుగుదేశములో సరిగా జరుపుకొనినవాడగును.