కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారు

గ్రంథాలయ రజతోత్సవ సమయమున స్మరింపదగిన మహనీయులలో కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు అగ్రగణ్యులు. వారు 1877వ సంవత్సరమున కృష్ణా మండలములోని పెనుగంచిప్రోలున జన్మించిరి. బాల్యముననే తండ్రిని గోల్పోయి, అక్కగారైన భండారు అచ్చమాంబగారి యింట నాగపురమున విద్య నభ్యసించి, ఎం.ఏ. పట్టము నొందిరి. బడికేగని యా అక్కగారు తమ్ముని చదువుతోబాటు తామును నేర్చి గ్రంథకర్త్రి యైరి. పంచుకొన్నకొలది పెరుగు ధనము విద్యయే యని యా యింటనే రుజువైనది.

ఆ కాలమున పట్టము సర్కారు కొలువునకు సోపానము. పంతులుగారు మునగాల సంస్థానమున దివానుగా నుండియు, తమ చదువును తెనుగువారి యుమ్మడి సొత్తు గావింపనెంచిరి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయ స్థాపనకు తోడ్పడిరి. 1906లో విజ్ఞానచంద్రికామండలిని నెలకొల్పి, చరిత్ర, జీవశాస్త్రము, పదార్థవిజ్ఞానము మున్నగు విషయములపై తేటతెనుగున గ్రంథములు వ్రాయించి ప్రకటించిరి.

పుక్కిటిపురాణమును శాసనముతో సరిచూచుట, పలు భాషల గ్రంథములను పోల్చి సారము గ్రహించుట, దానిని సామాన్యునకు తెలియజెప్పుట: ఇవియే ఆ చదువు వారికిచ్చిన శక్తులు. వీని బలముననే ఆంధ్రవిజ్ఞానసర్వస్వమునకు పూనుకొనిరి. అది ముగియకమున్నే 1923లో, నలువదియాఱవ యేట, మదరాసున పరమపదించిరి.

చరిత్రయు భాషయు చదువు పిల్లవానిని జూచి, దీనివలన ఏ కొలువు దొరకునని నేడును మనమడుగుచున్నాము. పంతులుగారి దివానుగిరిని స్మరించువారు కొందఱే. వారు వెలిగించిన గ్రంథాలయదీపములు మాత్రము ఊరూరికిని వెలుగు చూపినవి.